చలనం, గురుత్వాకర్షణ హోంవర్క్‌తో కుస్తీ పడుతున్నవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ క్లాసులు మొదలైన రెండు నెలలకల్లా నా ఫోను నిండా నోట్‌బుక్ పేజీల ఫొటోలే. కింద ఒకటే మాట: "రావట్లేదు సార్." మధ్యమధ్యలో అమ్మానాన్నల ఫోన్లు. ఏటా అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. పిల్లలు అడిగిన చోట ‘నువ్వు’ అన్నాను, పెద్దలు అడిగిన చోట ‘మీరు’.

డౌట్ అడగాలంటే ఏం పంపాలి సార్?

ప్రశ్న ఫొటో ఒక్కటే పంపితే చాలదు. డాక్టరు దగ్గరికెళ్లి ‘ఒంట్లో బాగోలేదు’ అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏ మందు రాస్తాడు? ప్రశ్నతో పాటు నువ్వు చేసిన పేజీ కూడా పంపు. తప్పని తెలిసి కొట్టేసిన లైన్లు కూడా కనపడాలి, వైట్‌నర్ పెట్టొద్దు. నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ కొట్టేసిన లైనే. నీ ఆలోచన ఎక్కడ దారి తప్పిందో అక్కడే దొరుకుతుంది.

ఒక్క లైను కూడా రాయలేదంటావా? అయితే బొమ్మ గీసి, పక్కన ఇచ్చినవేవి, కావాల్సింది ఏది అని రాసి పంపు. చాలామంది అది రాస్తూ రాస్తూనే "వచ్చేసింది సార్, వద్దులెండి" అని మెసేజ్ పెడతారు.

ఫార్ములాలన్నీ నోటికొచ్చు. అయినా లెక్క ఎందుకు తేలడం లేదు?

‘వీ ఈక్వల్టు యూ ప్లస్ ఏటీ’ నిద్రలో లేపి అడిగినా చెప్తారు మన పిల్లలు. లెక్క ఆగేది అక్కడ కాదు. అంతకు ముందే, బొమ్మ దగ్గర, ప్లస్సు మైనస్సుల దగ్గర ఆగుతుంది. ఈ ఒక్క లెక్క చూడు, ఎందుకంటే నాకొచ్చే ఫొటోల్లో దీని అన్నదమ్ములే ఎక్కువ.

25 మీటర్ల ఎత్తున్న డాబా అంచున నిలబడి, బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరావు. అది నేల మీద పడటానికి ఎంతసేపు పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకో, గాలిని పట్టించుకోకు.

మామూలుగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది. 25 = 20టీ + 5టీ². ఐదుతో భాగిస్తే టీ² + 4టీ − 5 = 0. టీ విలువ 1 లేదా −5. కాలం మైనస్‌లో ఉండదు కాబట్టి జవాబు 1 సెకను. ముచ్చటగా పూర్ణాంకం వచ్చింది, కింద స్కేలుతో రెండు గీతలు కూడా.

ఇప్పుడు ఆ జవాబును డాబా ఎక్కించి చూడు. సెకనుకు 20 మీటర్లతో బయల్దేరిన బంతి వేగం సెకనుకు పది చొప్పున తగ్గుతుంది. అంటే పైన ఒక్క క్షణం ఆగడానికే దానికి 2 సెకన్లు కావాలి. అలాంటిది పైకి వెళ్లడం, కిందికి రావడం, నేలను తాకడం అన్నీ కలిపి 1 సెకనులో ఎలా అయిపోతాయి?

బొమ్మ గీసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. డాబా అంచును సున్నా అనుకో. పైకి ప్లస్ అని పక్కన ఒక బాణం గీయి. అప్పుడు నేల −25 దగ్గరుంది, బంతి వేగం +20, గురుత్వ త్వరణం కిందికి లాగుతుంది కాబట్టి −10. ఇక −25 = 20టీ − 5టీ². అంటే టీ² − 4టీ − 5 = 0. టీ విలువ 5 లేదా −1. జవాబు 5 సెకన్లు. నీకిష్టమైతే కిందికే ప్లస్ అనుకో, సరిగ్గా ఇదే సమీకరణం వస్తుంది. కానీ ఒకసారి అనుకున్నాక చివరి లైను దాకా దానికే కట్టుబడాలి.

మరి ఆ 1 సెకను ఎక్కణ్ణుంచి వచ్చింది? అదీ ఒక లెక్కకు సరైన జవాబే. బంతిని అదే వేగంతో కిందికి విసిరి ఉంటే 1 సెకనులో నేలను తాకేది. ఒక్క మైనస్ మర్చిపోయి నువ్వు వేరే లెక్క చేసేశావన్నమాట. అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం. జవాబు పిచ్చిగా ఉండదు, బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది.

ఇక పారేసిన −1 సంగతి. బంతి డాబా మీద నుంచి కాకుండా 1 సెకను ముందే నేల మీద నుంచి సెకనుకు 30 మీటర్లతో బయల్దేరి ఉంటే, డాబా అంచును సరిగ్గా 20తో దాటేది. ఆ తర్వాతి ప్రయాణమంతా ఒకటే. సమీకరణానికి నువ్వు ఎక్కడ నిలబడ్డావో తెలీదు కదా, అందుకని ఆ కథ కూడా చెప్పింది. నాకైతే ఈ లెక్క మొత్తంలో బాగా నచ్చే అంకె అదే.

పైన బంతి ఆగినప్పుడు త్వరణం కూడా సున్నా కదా?

కాదు. వేగం సున్నా, త్వరణం మాత్రం అక్కడ కూడా 9.8, కిందికే. త్వరణం కూడా సున్నా అయితే బంతి గాల్లో అలాగే వేలాడుతూ ఉండిపోవాలి. త్వరణం చెప్పేది వేగం ఎంతుందని కాదు, ఎలా మారుతోందని.

9.8 వాడాలా, 10 వాడాలా?

ప్రశ్నలో ఏది ఇస్తే అది. ఇవ్వకపోతే రాత పరీక్షలో 9.8 వాడు. ఎంసెట్ తరహా ప్రశ్నయితే ఆప్షన్ల వైపు చూడు, 10తో వేసినవో కాదో తెలిసిపోతుంది. (దాని పేరు ఈఏపీసెట్ అయి ఏళ్లు గడిచినా ఇంట్లో అందరూ ఎంసెట్ అనే అంటారు. నేనూ అంతే.)

తెలుగు మీడియంలో చదివి వచ్చాను. వడి, వేగం రెండూ ఒకటే అనిపిస్తున్నాయి.

తప్పు నీది కాదు. ఇంట్లో ‘బండి వేగం అరవై’ అంటాం. పాఠ్యపుస్తకంలో అది వడి, అంటే స్పీడ్. వేగం అనాలంటే ఎటు అనేది కూడా చెప్పాలి, అంటే వెలాసిటీ. తేడా ఎంత దూరం పోతుందో చూడు. ఊరి నుంచి టౌనుకి 60 కిలోమీటర్లు. బస్సు గంటకు 30 కిలోమీటర్ల చొప్పున వెళ్లి, గంటకు 60 చొప్పున తిరిగొచ్చింది. సగటు వడి 45 అని రాయకు. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 1 గంట. 120 కిలోమీటర్లకు 3 గంటలు, అంటే సగటు వడి 40. సగటు వేగం మాత్రం సున్నా, ఎందుకంటే బయల్దేరిన చోటికే వచ్చింది, స్థానభ్రంశం లేదు. ఈ మాట ఇంట్లో చెప్తే "అంత డీజిలు కాలిస్తే వేగం సున్నా ఏంట్రా" అంటారు. వాళ్ల మాటా నిజమే, వాళ్లు అడుగుతున్నది వడి గురించి.

మిగతా మాటలు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకో: స్థానభ్రంశం డిస్‌ప్లేస్‌మెంట్, త్వరణం యాక్సిలరేషన్, జడత్వం ఇనర్షియా, ద్రవ్యవేగం మొమెంటం, ఘర్షణ ఫ్రిక్షన్, ప్రక్షేపకం ప్రొజెక్టైల్, సదిశ వెక్టర్. నెల తిరిగేసరికి ఆ పేజీతో పని ఉండదు.

నా బరువు 60 కిలోలు. లెక్కలో అలా రాస్తే మార్కులు ఎందుకు కట్ చేశారు?

ఎందుకంటే కిలోల్లో ఉండేది ద్రవ్యరాశి. పుస్తకం అడిగే భారం భూమి నిన్ను లాగే బలం, అది న్యూటన్లలో ఉంటుంది. 60ని 9.8తో గుణిస్తే 588 న్యూటన్లు. చంద్రుడి మీద గురుత్వ త్వరణం 1.62 కాబట్టి అక్కడ నీ భారం 97 న్యూటన్లే. నీ ద్రవ్యరాశి మాత్రం అదే 60 కిలోలు, ఒక్క గ్రాము తగ్గదు.

ఇది మనసులో నాటుకోవాలంటే రెండు కాటాలు ఊహించుకో. సంతలో కూరగాయలమ్మే అవ్వ చేతిలోని పాత త్రాసును చంద్రుడి మీదికి తీసుకెళ్లు. కిలో ఉల్లిపాయలు అక్కడా కిలో రాయికి సరిగ్గా తూగుతాయి, ఎందుకంటే రెండు పళ్లేల మీదా లాగుడు ఒకేలా తగ్గింది. కొక్కేనికి తగిలించే స్ప్రింగ్ కాటా తీసుకెళితే అదే సంచి ఆరో వంతే చూపిస్తుంది. త్రాసు ద్రవ్యరాశిని పోలుస్తుంది, స్ప్రింగ్ భారాన్ని కొలుస్తుంది.

బరువైన వస్తువు ముందు పడుతుంది కదా? కళ్లతో చూస్తూనే ఉన్నాం.

చూస్తున్నది గాలి చేసే పని. ఒక లావుపాటి పుస్తకం, దానికంటే కొంచెం చిన్న కాగితం తీసుకో. పక్కపక్కన వదిలితే కాగితం ఊగుతూ ఆలస్యంగా దిగుతుంది. ఇప్పుడు కాగితాన్ని పుస్తకం పైన పెట్టి వదులు. రెండూ కలిసే పడతాయి. పుస్తకం గాలిని పక్కకు నెట్టేసింది, కాగితానికి అడ్డు లేదు. గాలే లేని చోట ఇది చేసి చూపించిన మనిషి డేవిడ్ స్కాట్. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామిగా చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఆ వీడియో నాసా దగ్గర ఉంది, నిమిషం కూడా పట్టదు.

అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలుతారు. ఇలా రాశాను, తప్పన్నారు.

తప్పే. లెక్క వేసి చూడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నేలకు దాదాపు 400 కిలోమీటర్ల పైన తిరుగుతుంది. భూమి వ్యాసార్ధం 6,371. కేంద్రం నుంచి దూరం 6,771 అయింది. 6,371ని 6,771తో భాగించి, వర్గం చేసి, 9.8తో గుణిస్తే సుమారు 8.7 వస్తుంది. అంటే నేల మీద ఉన్నదాంట్లో దాదాపు తొంభై శాతం అక్కడా ఉంది. మరి తేలడమేంటి? స్టేషను, అందులో మనుషులు అందరూ కలిసి భూమి వైపు పడుతూనే ఉన్నారు. సెకనుకు 7.7 కిలోమీటర్లకు దగ్గరగా పక్కకు కూడా పరిగెడుతున్నారు కాబట్టి పడుతూ పడుతూ భూమి వంపును దాటిపోతున్నారు. కింద నిన్ను తోసే నేల లేకపోతే నీకు భారం తెలీదు.

గురుత్వ త్వరణం సగం అయ్యే ఎత్తు ఎంత? గైడులో ఒక జవాబు, నాకు ఇంకో జవాబు.

నీకు వచ్చింది భూమి వ్యాసార్ధంలో నాలుగో వంతు, సుమారు 1,593 కిలోమీటర్లు. అవునా? నువ్వు చిన్న ఎత్తులకు చెప్పిన షార్ట్‌కట్ ఫార్ములా వాడావు, ఎత్తుకు రెట్టింపును వ్యాసార్ధంతో భాగించి 1 లోంచి తీసేసేది. ఎత్తు వ్యాసార్ధం ముందు బాగా చిన్నదైతేనే అది పనిచేస్తుంది, కొండ మీదికో విమానం ఎత్తుకో అన్నమాట. సగం అంటే చిన్న మార్పు కాదు. అసలు విలోమ వర్గ నియమంతో (దూరం రెట్టింపైతే త్వరణం నాలుగో వంతు అయ్యేది) చేస్తే, కేంద్రం నుంచి దూరం రూట్ 2 రెట్లు కావాలి. అంటే ఎత్తు వ్యాసార్ధానికి 0.414 రెట్లు, దాదాపు 2,640 కిలోమీటర్లు. రెండు జవాబుల మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా తేడా! ఎంట్రన్స్ పేపర్లు పెట్టేవాళ్లకు ఈ ఉచ్చంటే ముద్దు, ఆప్షన్లలో రెండూ పెడతారు.

దీని పక్కనే ఉండే ఇంకో తప్పు, దూరాన్ని నేల మీద నుంచి కొలవడం. ‘వ్యాసార్ధానికి సమానమైన ఎత్తులో’ అంటే కేంద్రం నుంచి దూరం రెట్టింపు, త్వరణం నాలుగో వంతు. ప్రతిసారీ భూమి మధ్యలో చుక్క పెట్టి అక్కణ్ణుంచే గీత గీయి.

గురుత్వ త్వరణాన్ని ఇంట్లో కొలవమని ప్రాజెక్టు ఇచ్చారు. ఎలా?

మేడ మీద నుంచి రాయి వదిలి ఫోన్ స్టాప్‌వాచ్ నొక్కడం అందరికీ తట్టే ఆలోచన. వద్దు. 10 మీటర్లు పడటానికి 1.4 సెకన్లే. నీ వేలు నొక్కడంలో 0.2 సెకన్లు అటూ ఇటూ అయితే చాలు, జవాబు ముప్పై శాతం దాకా చెడుతుంది. పైగా కింద ఎవరైనా నడుస్తుంటే?

లోలకం చేయి. నూలు దారానికి ఒక బరువైన ఇనుప నట్టు కట్టి, గుమ్మం పై పట్టీకి కొట్టిన మేకుకు వేలాడదీయి. మేకు దగ్గరి ముడి నుంచి నట్టు మధ్య దాకా సరిగ్గా 1 మీటరు ఉండాలి, ముడి నుంచి నట్టు పైఅంచు దాకా కాదు. ఈ సెంటీమీటరు దగ్గరే చాలామంది పోగొట్టుకుంటారు. జానెడు కంటే తక్కువ పక్కకు లాగి, తోయకుండా వదులు. వదిలిన వెంటనే వాచీ నొక్కకు. రెండు ఊపులు పోనిచ్చి, నట్టు మధ్యలోంచి దాటేటప్పుడు ‘సున్నా’ అంటూ నొక్కు. ‘ఒకటి’ అంటూ మొదలుపెట్టావంటే ఒక ఊపు తగ్గిపోతుంది. అదే వైపు నుంచి మధ్యకు వచ్చినప్పుడల్లా లెక్కపెట్టి, ఇరవై దగ్గర ఆపు.

మా ఇంట్లో చేసినప్పుడు 40.2 సెకన్లు వచ్చింది. ఒక్క ఊపుకు 2.01. పొడవును 39.5తో గుణించి (అది π వర్గానికి నాలుగు రెట్లు), 2.01 వర్గంతో భాగిస్తే సుమారు 9.78. దారం, నట్టు, మేకు కలిపి పది రూపాయల ఖర్చు. వేలు పొరపాటు 0.2 సెకన్లే అయినా అది 40 సెకన్ల మీద పరుచుకుంటుంది కాబట్టి జవాబులో ఒక్క శాతం మించి తేడా రాదు. రిపోర్టులో ఈ మాట రాస్తే మీ మేడం తప్పకుండా చూస్తారు.

శ్రీహరికోటలోనే రాకెట్లు ఎందుకు ఎగరేస్తారు? ఇది గురుత్వాకర్షణ చాప్టరులోకి వస్తుందా?

వస్తుంది, చలనంలోకి కూడా. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. శ్రీహరికోట అక్షాంశం దగ్గర నేల సెకనుకు సుమారు 450 మీటర్లతో కదులుతూ ఉంటుంది. తూర్పుకు వెళ్లే రాకెట్టుకు అది బోనస్. తూర్పున బంగాళాఖాతం ఉంది కాబట్టి ఖాళీ అయిన దశలు సముద్రంలో పడతాయి. 2023 జూలై 14న చంద్రయాన్ 3 బయల్దేరింది ఇక్కణ్ణుంచే. పక్కనే పలాయన వేగం, అంటే భూమి లాగుడు నుంచి పూర్తిగా తప్పించుకోవడానికి కావాల్సిన వేగం, సెకనుకు 11.2 కిలోమీటర్లు అని కూడా రాసుకో, ఎలాగూ అడుగుతారు.

గైడులో సొల్యూషన్ చూడటం తప్పా?

చూసే తీరులో ఉంది. జవాబు మీద స్కేలు పెట్టి మూసేయి. ఒక్క లైను కిందికి జరుపు, చదువు, మళ్లీ మూసేసి తర్వాతి లైను నువ్వే రాయి. కుదరకపోతే ఇంకో లైను. మొత్తం చదివేసి ‘ఆఁ, అర్థమైంది’ అనుకున్న లెక్క మర్నాడు రాదు. నమ్మకపోతే ఇవాళ ఒకటి అలా చదివి రేపు చేసి చూడు.

ఏఐని అడగొచ్చా సార్?

అడగొద్దంటే మానేస్తావా ఏమిటి. ‘ఈ లెక్క చేసిపెట్టు’ అంటే చేసిపెడుతుంది, నీ దగ్గర మిగిలేది అక్షరాలు తిరగరాసిన నొప్పే. దానికి బదులు నీ పేజీ ఇచ్చి ‘జవాబు చెప్పకు, ఏ లైనులో తప్పు చేశానో మాత్రం చెప్పు’ అని అడుగు. ‘ఇలాంటిదే ఇంకో లెక్క ఇవ్వు’ అని కూడా అడుగు. బొమ్మ ఉన్న ప్రశ్నల్లో మాత్రం జాగ్రత్త. వాలుతలం కోణాన్ని నిలువు గీత నుంచి కొలిచినట్టు చదివేసి, చాలా నమ్మకంగా తప్పు జవాబు ఇవ్వడం నేను చూశాను. జవాబు ఎవరిచ్చినా డాబా ఎక్కించి చూడటం మర్చిపోకు.

క్లాసులో అడగాలంటే సిగ్గుగా ఉంది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో "పైకి వెళ్తున్న రాయికి త్వరణం కిందికెలా ఉంటుంది సార్" అని అడిగితే, మా లెక్చరరు చాక్‌పీసు బల్ల మీద పెట్టి "ఏ స్కూల్రా నీది?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది నేను మళ్లీ చెయ్యెత్తలేదు. అందుకని సిగ్గుపడొద్దని నీకు ఉపదేశం చెయ్యను. క్లాసు అయ్యాక వరండాలో అడుగు. స్టడీ అవర్‌లో అడుగు. పక్క బెంచీ వాడిని అడుగు, నిన్న రాత్రే అర్థమైనవాడు ఒక్కోసారి ముప్పై ఏళ్లుగా చెప్తున్న మాకంటే బాగా చెప్తాడు.

డెరివేటివ్స్ ఇంకా మ్యాథ్స్‌లో రాలేదు, ఫిజిక్స్‌లో అప్పుడే వాడేస్తున్నారు.

చాలా కాలేజీల్లో ఇదే తంతు. ప్రస్తుతానికి గ్రాఫు వాలు అనుకో. స్థానం కాలం గ్రాఫు వాలు వేగం, వేగం కాలం గ్రాఫు వాలు త్వరణం, ఆ రెండో గ్రాఫు కింది వైశాల్యం స్థానభ్రంశం. ఈ మూడు ముక్కలతో రెండు నెలలు గడిచిపోతాయి.

డబ్బు కట్టకుండా ఏమేం దొరుకుతాయి?

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి భౌతికశాస్త్రం వాళ్ల సైటులో ఉచితం. తెలుగులో కావాలంటే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకం, లైబ్రరీల్లో ఉంటుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ‘ఫెట్’ సిమ్యులేషన్లలో ఫిరంగి కోణం మార్చి గుండు ఎక్కడ పడుతుందో ఆడుకుంటూ చూడొచ్చు. ఒకేసారి అన్నీ తెరిచి కూర్చోకు. ఒక పుస్తకం, ఒక నోట్‌బుక్ చాలు.

నాకు ఫిజిక్స్ రాదండీ. మా అమ్మాయికి ఎలా సాయం చేయాలి?

రాకపోవడమే మంచిదండీ, లెక్క మీరు చేసేయరు. పాప పక్కన కూర్చుని మూడు అడగండి. బొమ్మ ఏదమ్మా? ఏ వైపు ప్లస్ అనుకున్నావు? జవాబు దేనిలో వచ్చింది, మీటర్లా, సెకన్లా, న్యూటన్లా? తర్వాత మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్తూ చెప్తూ ఎక్కడ నీళ్లు నమిలిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. మర్నాడు లెక్చరరుని అడగాల్సింది ఆ చుక్క దగ్గరిదే. ఇంకొక్క మాట, పక్కింటి పిల్లాడికి ఎన్ని మార్కులు వచ్చాయో ఆ సమయంలో ఎత్తకండి.

మేం అమెరికాలో ఉంటాం. మా వాడి లెక్కల్లో 16 అనే అంకె వస్తోంది, అదేంటి?

అది ఫిజిక్స్ క్లాసుది కాదు, ఆల్జీబ్రా క్లాసుది అయ్యుంటుందండీ. అక్కడ ఎత్తును అడుగుల్లో రాస్తారు. 9.8 మీటర్లంటే సుమారు 32 అడుగులు, ఫార్ములాలో సగం వస్తుంది కాబట్టి 16. ఫిజిక్స్ క్లాసులో మళ్లీ మీటర్లే. రెండూ ఒకే నోట్‌బుక్‌లో కలిపేయనివ్వకండి. అన్నట్టు, అక్కడి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ 1లో కాలిక్యులస్ ఉండదు. ‘మన ఇంటర్ పుస్తకం పంపనా’ అని అడిగే తాతయ్యలకు ఆ సంగతి ముందే చెప్పండి. (ఆ ఏపీ, మన ఏపీ ఒకటి కాదని కూడా.)

ఒక లెక్క దగ్గర ఎంతసేపు కూర్చోవాలి?

ఇరవై నిమిషాలు. కొత్త బొమ్మ గీయకుండా, కొత్త లైను రాయకుండా పది నిమిషాలు గడిస్తే అంతకు ముందే వదిలేయి. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే తడుతుంది చాలాసార్లు.

రేపు పొద్దున్న సబ్మిట్ చేయాలి. పదింటిలో ఆరు రాలేదు. రాత్రి పదకొండు అయింది.

టెన్షన్ పడకు. ఆరింటికీ బొమ్మ గీసి, ఇచ్చినవి రాసి, ప్లస్ ఎటో బాణం పెట్టు. అరగంట పని. ఈలోగా రెండు వాటంతటవే కదులుతాయి. మిగిలిన నాలుగింటిలో ఎక్కడ ఆగావో ఒక వాక్యం రాసి అలాగే ఇచ్చేయి. ఫ్రెండు నోట్‌బుక్ చూసి దించితే మీ సారుకి తెలియదనుకుంటున్నావేమో. ముగ్గురు పిల్లలు ఒకే చోట 9.8ని 8.9 అని రాసిన పేజీలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.